ఛాతీలో బరువు – వాము నీటికి వేళ కాదు

తెల్లవారుజామున నాలుగు గంటల వేళ, ఛాతీ మధ్య ఏదో బరువు మోపినట్లయి మా బావగారికి మెలకువ వచ్చినది. వయస్సు 56. ముందునాటి రాత్రి పెండ్లివిందు. “గ్యాస్ అయి ఉంటుంది లెండి” అని మా అక్కయ్య వేడినీటిలో వాము, సైంధవలవణము కలిపి ఇచ్చినది. త్రేన్పు వచ్చినది గాని బరువు తగ్గలేదు. ఎడమభుజము లాగసాగినది. చల్లని చెమట పట్టి బనియను తడిసిపోయినది. ఆ చెమటను చూచి అక్కయ్య మరి ఆలోచింపక 108 కి ఫోను చేయించినది. నొప్పి మొదలైన ముప్పావు గంటకు ఇ.సి.జి. తీసినారు, రెండు గంటలు దాటకుండ మూసుకొనిపోయిన రక్తనాళమును తెరచినారు. నేడు ఉదయపు నడకలో ఆయన నాకంటె ముందుందురు.

గృహవైద్యమును నమ్మిన నేనే ఇట్లు వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని హృదయము విషయమున మన ప్రాచీనులు ఏమరలేదు. సుశ్రుతుడు దానిని సద్యఃప్రాణహర మర్మములలో, అనగా దెబ్బతిన్నచో శీఘ్రముగా ప్రాణము తీయు స్థానములలో చేర్చినాడు. శిరస్సు, హృదయము, వస్తి అను మూడు మర్మములను విశేషముగా రక్షించుకొనవలెనని చరకుడు చెప్పినాడు. వాము అజీర్ణమునకు మంచిదే. కాని ధమనిలో అడ్డుపడిన రక్తపుగడ్డను అప్పటికప్పుడు కరిగించు శక్తి వామునకు లేదు, వెల్లుల్లికి లేదు, తెల్లమద్ది చెక్కకును లేదు.

గుండె కండరమునకు రక్తమునందించు ధమనుల లోపలిగోడలలో ఏండ్ల తరబడి కొవ్వు పేరుకొనును. ఒకనాడు ఆ పొర చిట్లగా దానిపై రక్తము గడ్డకట్టి దారి మూసుకొనును. ఆ దారినే నమ్ముకొన్న కండరము అర్ధగంట అటునిటుగా చనిపోవుట మొదలిడి, గంటలు గడచినకొలది నష్టము విస్తరించును. చచ్చిన కండరము మరల మొలవదు, మచ్చగా మిగిలిపోవును. మనిషి బ్రతికినను, నాలుగు మెట్లెక్కగనే ఆయాసపడు గుండెతో బ్రతుకవలసివచ్చును. కనుక వైద్యమంతయు కాలముతో పందెమే.

గడ్డను కరిగించు ఇంజెక్షను మొదటి రెండు మూడు గంటలలో మిక్కిలి మేలు చేయును. పండ్రెండు గంటలు దాటిన పిమ్మట దానివలన ప్రయోజనము స్వల్పము. రెండవ మార్గము, సన్నని గొట్టము ద్వారా బుడగను పంపి దారి తెరచు యాంజియోప్లాస్టీ. 1977 లో జ్యూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ గుండె ధమనికి దీనిని మొదటిసారి చేసినాడు. ఇక చౌకయైన ఆస్పిరిన్ మాత్ర సంగతి: 17 వేలకు పైగా రోగులపై జరిగి 1988 లో వెలువడిన ఐసిస్-2 పరిశోధనలో, ఆ మాత్ర ఒక్కటే మరణములను గణనీయముగా తగ్గించినట్లు తేలినది. 300 మిల్లీగ్రాముల మాత్రను మ్రింగక, నమలవలెను. అట్లయిన త్వరగా రక్తములో కలియును. ఆస్పిరిన్ పడనివారికి, కడుపులో పుండ్లుండి రక్తస్రావమగువారికి ఇది కూడదు. 108 వారిని ఫోనులోనే అడిగి ఇచ్చుట మేలు.

గ్యాస్ అని పొరబడుటకు కారణము లేకపోలేదు. గుండె క్రిందిభాగము దెబ్బతిన్నప్పుడు పొట్ట పైభాగమున మంట, వికారము, వాంతి కలుగవచ్చును. త్రేన్పు వచ్చినంత మాత్రమున గుండెకు ప్రమాదము లేదనరాదు. బరువు, బిగుతు పది నిమిషములకును తగ్గకున్నను, దవడకు, చేతికి, వీపునకు ప్రాకినను అనుమానింపవలెను. చల్లని చెమట తోడైనచో ఆ పది నిమిషములును ఆగరాదు. మధుమేహము గలవారిలో నొప్పియే ఉండకపోవచ్చును. స్త్రీలలో ఆయాసము, అకారణమైన నిస్సత్తువ మాత్రమే కనిపించుట కలదు. ఇంటిపని అలసటయని ఇల్లాండ్రు దానిని దాచుకొందురు. ఇది నన్ను మిక్కిలి బాధించు విషయము.

రోగిని నడిపింపరాదు, మెట్లు దింపరాదు, స్కూటరుపై కూర్చుండబెట్టరాదు. దిండ్లకు ఆనించి కూర్చుండబెట్టి దుస్తులు వదులు చేయవలెను. మొదటి ఇ.సి.జి. మామూలుగా ఉన్నను నొప్పి తగ్గకున్నచో తిరిగి తీయించవలెను. తెలివి తప్పి శ్వాస ఆగినచో, ఛాతీ నడుమ రెండు అరచేతులతో రెండంగుళముల లోతున, నిమిషమునకు నూరుసార్లకు తగ్గకుండ నొక్కుచు, సహాయము వచ్చువరకు మానరాదు.

తెల్లమద్ది కషాయము, మితభోజనము, నడక వీని ప్రసక్తి ఇంటికి తిరిగివచ్చిన పిదప మాత్రమే. కషాయమును సైతము హృద్రోగ వైద్యునికి తెలిపియే వాడవలెను. దానిని నమ్మి ఆయన వ్రాసిన మాత్రలను మానరాదు. మా అక్కయ్య ఇప్పుడు వాము డబ్బా ప్రక్కనే ఒక చీటీ అతికించినది. అందు 108, రాత్రివేళ ఇంజెక్షను ఇచ్చు ఆసుపత్రి ఫోను నెంబరు, బావగారికి పడని మందుల పేర్లు వ్రాసి ఉన్నవి.