నడిపేవారు – అడిగేవారు

కామారెడ్డి జిల్లాలోని పోచారం జలాశయం ఎల్లారెడ్డి ప్రాంతపు పొలాలను తడుపుతుంది. ఇటువంటి నీటివనరు ఒక్కరి సొత్తు కాదు. తెలంగాణ పల్లెల్లో చెరువు తూము తెరచి పొలాలకు నీరు పారించే పని నీరటిది. ఆ నీరు అందరికీ సక్రమంగా అందుతున్నదా అని అడిగే బాధ్యత ఊరి పెద్దలది. నడిపేవారు వేరు, అడిగేవారు వేరు. వేలమంది సొమ్ముతో నడిచే కంపెనీకి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

కంపెనీలో పెట్టుబడి పెట్టిన వాటాదారులందరూ ప్రతిదినం వ్యవహారాలు చూడలేరు. కాబట్టి తమ తరఫున డైరెక్టర్ల బోర్డును ఎన్నుకుంటారు. బోర్డు సంస్థ లక్ష్యాలను నిర్ణయిస్తుంది, ముఖ్య అధికారులను నియమిస్తుంది, లెక్కలను పరిశీలిస్తుంది. నిర్వాహకవర్గం ఆ నిర్ణయాలను అమలుచేస్తూ రోజువారీ పనులను నడుపుతుంది. నిత్యవ్యవహారాలలో బోర్డు తలదూర్చరాదు. బోర్డు వద్ద నిర్వాహకులు నిజాన్ని దాచరాదు.

ఈ నియమం తప్పితే కలిగే అనర్థానికి హైదరాబాదులోని సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఉదంతమే నిదర్శనం. ఛైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను దాదాపు 160 కోట్ల డాలర్లకు కొనే ప్రతిపాదనను 2008 డిసెంబరు 16న బోర్డు ఆమోదించింది. వాటాదారులు తీవ్రంగా వ్యతిరేకించగా కొన్ని గంటలలోనే విరమించుకుంది. లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లేఖ ద్వారా అంగీకరించారు. ఆ బోర్డులో పేరుపొందిన విద్యావేత్తలు ఉన్నారు. ఆడిటర్లు సంతకాలు చేశారు. అయినా లేని సొమ్ము ఏళ్ల తరబడి కాగితాలపై ఉన్నట్లే కనిపించింది.

కేంద్రప్రభుత్వం పాత బోర్డును తొలగించి, దీపక్ పారేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లతో కొత్త బోర్డును ఏర్పరచింది. తరువాత మరి ముగ్గురిని చేర్చింది. ఆ బోర్డు ఉద్యోగులకు, ఖాతాదారులకు ధైర్యం చెప్పి, 2009 ఏప్రిల్‌లో బహిరంగ పోటీ ద్వారా టెక్ మహీంద్రాను కొనుగోలుదారుగా ఎంపికచేసింది. మునగవలసిన సంస్థ ఒడ్డుకు చేరింది. ఒక బోర్డు అప్రమత్తత లోపించి సంస్థ కూలిపోయే స్థితికి వచ్చింది. మరొక బోర్డు బాధ్యతతో అది నిలబడింది.

ఆ అనుభవం తరువాత వచ్చిన 2013 కంపెనీల చట్టం స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీల బోర్డులలో కనీసం మూడింట ఒకవంతు స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలని నిర్దేశించింది. అయితే చట్టం కుర్చీని మాత్రమే ఇవ్వగలదు. అందులో కూర్చున్నవారు అడగవలసిన ప్రశ్నను అడగవలసిన సమయంలో అడిగినపుడే పరుల సొమ్ముకు రక్షణ కలుగుతుంది.