వెనక పెట్టె విప్పిన గోల్డ్‌వింగ్

దూరప్రయాణాల మోటార్‌సైకిల్ అనగానే చాలామందికి గుర్తొచ్చే బండి హోండా గోల్డ్‌వింగ్. ముందు గాలిని కాచే వెడల్పాటి అద్దం, వెనక చక్రానికి అటొకటి ఇటొకటి సామాను పెట్టెలు, వెనక కూర్చున్నవాళ్ళ వీపుకు ఆనుకుని మూడో పెట్టె. ఆ మూడో పెట్టె లేకుండా గోల్డ్‌వింగ్‌ను ఊహించుకోవడమే కష్టం. కానీ పుట్టినప్పుడు దాని ఒంటిమీద ఒక్క పెట్టె కూడా లేదు. కంపెనీ దానికి సామాను తగిలించడానికి ఐదేళ్ళు పట్టింది. తగిలించినదాన్ని విప్పి అమ్మడానికి ఆపైన మూడు దశాబ్దాలు దాటాయి. బండి మీద బరువు ఎంత ఉందన్నది ఒక లెక్క, అది ఎక్కడ ఉందన్నది అంతకన్నా పెద్ద లెక్క. గోల్డ్‌వింగ్ జీవితమంతా ఈ రెండో లెక్క చుట్టూనే తిరిగింది.

1972లో హోండా కంపెనీ ఒక పెద్ద బండి కోసం ప్రత్యేక బృందాన్ని కూర్చింది. దానికి నాయకుడు షోయిచిరో ఇరిమజిరి. 1960లలో హోండా రేసు బళ్ళ ఇంజిన్లకు రూపమిచ్చిన ఇంజినీరు ఆయన. ఆ బృందం తయారుచేసిన తొలి నమూనా పేరు ఎం1. సామర్థ్యం 1,470 సీసీ, సిలిండర్లు ఆరు, మూడేసి చొప్పున రెండు పక్కలా నేలకు సమాంతరంగా పడుకోబెట్టినవి. అమ్మకానికి తయారయ్యేసరికి ఆరు సిలిండర్లు నాలుగయ్యాయి, సామర్థ్యం 999 సీసీకి తగ్గింది. 1974 అక్టోబరులో జర్మనీలోని కొలోన్ నగర ప్రదర్శనలో జీఎల్1000 పేరుతో లోకం ముందుకొచ్చింది.

ఆ బండిని విప్పి చూస్తే, బరువును ఎక్కడ పెట్టాలన్న విషయం మీద ఆ ఇంజినీర్లు ఎంత ఆలోచించారో తెలుస్తుంది. సిలిండర్లు నిలువుగా కాక అడ్డంగా పడుకుని ఉన్నాయి కాబట్టి ఇంజిన్ బరువంతా నేలకు దగ్గరగా ఉంది. మామూలుగా పెట్రోలు ట్యాంకు రైడర్ మోకాళ్ళ మధ్య ఎత్తుగా ఉంటుంది. ఇందులో దాన్ని సీటు కిందికి దించేశారు. పైన ట్యాంకులా కనిపించేది ఉత్త డొల్ల. మూత తెరిస్తే లోపల విద్యుత్ సామగ్రి, చిన్న చిన్న వస్తువులు పెట్టుకునే చోటు ఉంటాయి. క్రాంక్‌షాఫ్ట్ బండి పొడవునా తిరుగుతుంది కాబట్టి, నిలబడి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ తిప్పితే బండి ఒక పక్కకు ఒరగాలి. అలా ఒరగకుండా ఆల్టర్నేటర్‌ను ఎదురు దిశలో తిరిగేలా అమర్చారు. ద్రవాలేవీ పోయకుండా తూచితే ఆ బండి సుమారు 265 కిలోలు. అప్పటికి అది బరువైన బండే. అయినా ఆ బరువు కిందుగా, మధ్యగా ఉండేది. కదలడం మొదలయ్యాక రైడర్‌కు అంత బరువు తెలిసేది కాదు.

బండిని కొన్న అమెరికన్లు దాన్ని అలా ఉండనివ్వలేదు. వాళ్ళ రోడ్లు పొడవు, ఊళ్ళ మధ్య దూరాలు ఎక్కువ. ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన క్రెయిగ్ వెటర్ అప్పటికే విండ్‌జామర్ అనే గాలి కవచాన్ని తయారుచేసి అమ్ముతున్నాడు. దాన్ని తెచ్చి ముందు బిగించారు. పక్కన పెట్టెలు, వెనక మరో పెట్టె బయట కొని తగిలించారు. జనం ఏం చేస్తున్నారో హోండా చూసింది. 1980లో జీఎల్1100 ఇంటర్‌స్టేట్ అనే రకాన్ని గాలి కవచం, పక్క పెట్టెలు, వెనక పెట్టెతో సహా కంపెనీ నుంచే పంపింది. అదే ఏడాది అమెరికాలోని ఒహాయో రాష్ట్రం మేరీస్‌విల్‌లో గోల్డ్‌వింగ్‌ల తయారీ కూడా మొదలైంది. 1982లో మరిన్ని హంగులతో ఆస్పెన్‌కేడ్ వచ్చింది. 1988 మోడల్‌గా వచ్చిన జీఎల్1500తో సిలిండర్లు మళ్ళీ ఆరయ్యాయి, ద్రవాలు లేకుండానే బరువు 360 కిలోలకు చేరింది. జీఎల్1000తో పోలిస్తే 95 కిలోలు ఎక్కువ. ఒక పెద్దమనిషిని ఎప్పటికీ దిగకుండా ఎక్కించుకున్నంత బరువన్నమాట.

పెరిగిన బరువును మోయడానికి కొత్త యంత్రాంగం కావలసి వచ్చింది. జీఎల్1500 బండిని కాళ్ళతో వెనక్కి నెట్టడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు. అందుకని ఇంజిన్‌ను స్టార్ట్ చేసే మోటారుతోనే బండిని మెల్లగా వెనక్కి నడిపించే రివర్స్ ఏర్పాటు పెట్టారు. సామాను ఎక్కితే వెనక సస్పెన్షన్ కుంగిపోతుంది కాబట్టి దాన్ని గట్టిపరచడానికి బండిలోనే గాలి కంప్రెసర్ ఉంచారు. ఈ సౌకర్యాలు చూడముచ్చటగానే ఉంటాయి. కానీ ఒక్కో సౌకర్యం తన బరువునూ వెంట తెచ్చుకుంటుంది. బరువును మోయడానికి పెట్టిన పరికరం మళ్ళీ బరువవుతుంది.

ఆ బరువంతటిలో వెనక పెట్టెది ప్రత్యేక స్థానం. పాతకాలం కావడిలో బరువు బద్దకు రెండు చివర్లా సమంగా వేలాడుతుంది, మోసేవాడి భుజం మధ్యలో ఉంటుంది. పక్క పెట్టెల తీరు కొంతవరకు అంతే. కిందుగా, అటూ ఇటూ సమంగా, వెనక ఇరుసుకు దగ్గరగా ఉంటాయి. వెనక పెట్టెకు ఎదురు తూకం లేదు. అది ఎత్తుగా ఉంటుంది, చాలా బళ్ళలో వెనక ఇరుసు కూడా దాటి బయటికి పొడుచుకు వస్తుంది.

దీని ఫలితాన్ని చిన్న లెక్కతో చూడవచ్చు. రెండు ఇరుసుల మధ్య దూరం 170 సెంటీమీటర్లు ఉన్న బండి తీసుకుందాం. గోల్డ్‌వింగ్‌కు దాదాపు అంతే. వెనక ఇరుసుకు 34 సెంటీమీటర్ల వెనకాల 25 కిలోల పెట్టె ఉందనుకుందాం. 34ను 170తో భాగిస్తే అయిదో వంతు. 25 కిలోల్లో అయిదో వంతు 5 కిలోలు. అంటే ఆ పెట్టె ముందు చక్రం మీది నుంచి 5 కిలోల భారాన్ని ఎత్తేస్తుంది. ఆ 5 కిలోలూ వెనక చక్రం మీద పడతాయి. మనం పెట్టింది 25 కిలోలే, వెనక చక్రం మోసేది మాత్రం 30. దారి చూపాల్సిన ముందు చక్రం తేలికైపోతుంది, ఇప్పటికే ఇద్దరు మనుషులతో నిండిన వెనక చక్రం ఇంకా బరువెక్కుతుంది.

రెండో లెక్క బండి మలుపు తిరగడానికి సంబంధించింది. ఒక వస్తువు తిరగడానికి చూపే మొండితనాన్ని భౌతికశాస్త్రంలో జడత్వ భ్రామకం అంటారు. అది దూరంతో పాటు కాక దూరపు వర్గంతో పెరుగుతుంది. పది కిలోల సంచి బండి గురుత్వ కేంద్రానికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఒక వంతు మొండితనం అనుకుంటే, అదే సంచి 90 సెంటీమీటర్ల దూరానికి జరిగితే అది తొమ్మిది వంతులవుతుంది. బరువు గ్రాము కూడా మారలేదు, చోటు మారిందంతే.

1971లో రాబిన్ షార్ప్ అనే బ్రిటిష్ పరిశోధకుడు మోటార్‌సైకిల్ స్థిరత్వం మీద రాసిన పత్రం ఈ రంగానికి పునాది లాంటిది. బండి అదుపు తప్పే తీరులను ఆయన సమీకరణాల్లో విడదీసి చూపారు. ఒకటి, హ్యాండిల్ గబగబా అటూ ఇటూ కొట్టుకోవడం. ఇంకొకటి, బండి మొత్తం పాములా మెలికలు తిరగడం. ఈ రెండోది సెకనుకు రెండు నుంచి నాలుగుసార్లు ఊగుతుంది, వేగం పెరిగేకొద్దీ తనంతట తాను అణగడం తగ్గుతుంది. వెనక ఎత్తున బరువు చేరిస్తే ఆ ఊపు అణగడం మరింత కష్టమవుతుంది. వెనక పెట్టెలు తయారుచేసే కంపెనీలు మూత లోపల బరువు పరిమితి, వేగ పరిమితి ముద్రించేది ఇందుకే. చాలామంది ఆ చీటీని చదవరు. చదివి తీరాల్సిన చీటీ అది.

ఇన్ని తెలిసిన హోండా తన బండిని తేలిక చేసే ప్రయత్నం ముందే చేసింది. 1997లో గోల్డ్‌వింగ్ ఆరు సిలిండర్ల ఇంజిన్‌తోనే, కవచాలూ పెట్టెలూ లేకుండా వాల్కిరీ అనే బండిని తెచ్చింది. కొన్నవాళ్ళకు బండి నచ్చింది, సామాను కూడా కావాలనిపించింది. పక్క పెట్టెలతో టూరర్ అనే రకం వచ్చింది. 1999లో గాలి కవచం, వెనక పెట్టెతో ఇంటర్‌స్టేట్ రకం వచ్చింది. విప్పేసిన బండికి రెండేళ్ళలో మళ్ళీ అన్నీ తగిలాయి.

ఈలోగా అమెరికా రోడ్ల మీద అభిరుచి మారింది. 2006లో హార్లీ డేవిడ్‌సన్ తన ఎలక్ట్రా గ్లైడ్ నుంచి వెనక పెట్టె తీసేసి, పక్క పెట్టెలు మాత్రం ఉంచి స్ట్రీట్ గ్లైడ్ పేరుతో అమ్మింది. అది బాగా ఆదరణ పొందింది. 2013లో హోండా అదే దారిలో గోల్డ్‌వింగ్ ఎఫ్6బి తెచ్చింది. వెనక పెట్టె తీసేసింది, ముందు అద్దాన్ని కురచ చేసింది. రివర్స్ ఏర్పాటు, సెంటర్ స్టాండ్ కూడా తీసేసింది. మామూలు గోల్డ్‌వింగ్ కంటే అది దాదాపు 28 కిలోలు తేలిక. పెట్టె బరువు పోవడంతో, ఆ బరువు కోసం పెట్టుకున్న రివర్స్ కూడా తప్పనిసరి కాకుండా పోయింది. బరువు దించడంలో అసలు లాభం ఇదే. ఒకటి దించితే దాన్ని ఆసరా చేసుకుని ఇంకొకటి దిగుతుంది.

2018లో గోల్డ్‌వింగ్‌ను మొదటి నుంచీ మళ్ళీ గీశారు. ఈసారి పెట్టె లేని బండికే గోల్డ్‌వింగ్ అని పేరు. పెట్టె ఉన్నది గోల్డ్‌వింగ్ టూర్. టూర్ రకం సుమారు 380 కిలోలు, పాతదాని కంటే దాదాపు 40 కిలోలు తక్కువ. పెట్టె లేనిది అంతకన్నా తేలిక. ఈ తగ్గింపులో భాగంగా టూర్ వెనక పెట్టె 50 లీటర్లకు కుదించుకుపోయింది. దంపతులుగా దూరాలు తిరిగేవాళ్ళకు అది చాలలేదు. 2021లో హోండా దాన్ని 61 లీటర్లకు పెంచి, వెనక కూర్చునేవాళ్ళ ఆనుడును ఇంకాస్త వాల్చింది. ఆ పదకొండు లీటర్లను ఓటమి అనుకోనక్కర్లేదు. ఒంటరిగా తిరిగేవాడి బండి వేరు, ఇద్దరు వారం పాటు తిరిగే బండి వేరు. ఒకే బండి రెండు రకాలుగా దొరకడమే సరైన జవాబు.

ఉన్న బండి నుంచి వెనక పెట్టె విప్పాలనుకునేవాళ్ళు మాత్రం నాలుగు బోల్టులు ఊడదీసి ఊరుకుంటే చాలదు. గోల్డ్‌వింగ్ లాంటి బండిలో పెట్టెలోకి దీపాలకూ స్పీకర్లకూ తీగలు వెళ్తాయి. వెనక కూర్చునేవాళ్ళ ఆనుడు దానికే అతుక్కుని ఉంటుంది. పెట్టె పోతే ఆనుడూ పోతుంది, వేరే ఆనుడు బిగించేదాకా వెనక సీటు దూరప్రయాణానికి పనికిరాదు. బరువు తగ్గిన వెనక భాగం పైకి లేస్తుంది. అప్పుడు సస్పెన్షన్ బిగింపు తగ్గించాలి, హెడ్‌లైట్ కిందికి చూస్తుంటే దాన్ని సరిచేయాలి, టైర్లలో గాలి కంపెనీ చెప్పిన లెక్కకు మార్చాలి. పెట్రోలు బాగా మిగులుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. హైవే మీద ఇంజిన్ శక్తిలో పెద్ద వాటా గాలిని చీల్చడానికే పోతుంది, వెనక పెట్టె చాలావరకు మనుషుల చాటునే ఉంటుంది. లాభం తెలిసేది మలుపుల్లో, బ్రేకు వేసినప్పుడు, ఇరుకు చోట బండి తిప్పేటప్పుడు.

ఈ విద్య గోల్డ్‌వింగ్ యజమానులకన్నా మనవాళ్ళకే ఎక్కువ అవసరం. హైదరాబాద్ నుంచి లడాఖ్ దాకా బళ్ళమీద వెళ్ళేవాళ్ళు ఎక్కువగా నడిపేది 200 కిలోల లోపు బళ్ళు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, ఇరుసుల మధ్య దూరం 139 సెంటీమీటర్లు. మనం లెక్కవేసిన 25 కిలోల పెట్టెను అంతే వెనకగా దీనికి తగిలిస్తే, ముందు చక్రం మీది నుంచి 6 కిలోలు లేచిపోతాయి. గోల్డ్‌వింగ్‌కు ఆ పెట్టె తన బరువులో పదిహేనో వంతు, దీనికి ఎనిమిదో వంతు. చిన్న బండికి అదే పెట్టె రెట్టింపు పెట్టె.

అందుకే ప్రయాణం కట్టేటప్పుడు పనిముట్లు, నీళ్ళ సీసాలు, విడి భాగాలు పక్క సంచుల్లో అడుగుకు చేరాలి. వెనక పెట్టెలో రెయిన్‌కోటు, దుప్పటి లాంటి తేలిక వస్తువులే ఉండాలి. ఊరు చేరి లాడ్జిలో దిగాక మర్నాడు చుట్టుపక్కల కొండదారులు చూడాలనుకుంటే, విడివడే పెట్టెను గదిలోనే వదిలి వెళ్ళాలి. తాళం తిప్పితే ఊడొచ్చే పెట్టె ఉన్నది ఇంట్లోకి మోసుకెళ్ళే సుఖం కోసమే అని చాలామంది అనుకుంటారు. బండిని దాని ఇంజినీరు గీసిన తూకానికి తిరిగి తెచ్చే సాధనం అదే. దాన్ని వాడుకోవడం రైడింగ్‌లో సగం నేర్పు.