ప్రజారోగ్య సంఘాలకు సారథులెవరు?

చరక సంహిత విమానస్థానంలో మూడవ అధ్యాయానికి జనపదోద్ధ్వంసనీయమని పేరు. గంగాతీరాన, కాంపిల్య నగర సమీపంలో శిష్యులతో సంచరిస్తూ పునర్వసు ఆత్రేయుడు అగ్నివేశునికి బోధించిన విషయమది. మనుషుల ప్రకృతులు వేరు, ఆహారాలు వేరు, వయస్సులు వేరు. అటువంటప్పుడు జనపదమంతా ఒకే వ్యాధితో ఒకేసారి ఎందుకు పీడింపబడుతుంది? అందరికీ ఉమ్మడిగా ఉన్నవి చెడినప్పుడు అని ఆచార్యుని సమాధానం. అవి వాయువు, జలం, దేశం, కాలం. నాడి పట్టి చూసే వైద్యుని చేతికి ఈ నాలుగూ అందవు. కాలువకు కషాయం పట్టించలేము కదా!

ఈ ప్రస్తావన ఇప్పుడెందుకంటే, మా జూపాడు బంగ్లా ప్రాంతంలో గ్రామ ఆరోగ్య కమిటీల మాట వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న నా దాకా వస్తూ ఉంటుంది. “సామీ, సూది వేయడం రానివాళ్ళు ఆరోగ్య కమిటీలో కూర్చుని ఏం చేస్తారు?” అని. ప్రశ్న సహేతుకమే. సంఘాన్ని నడిపేవారు అంతకుముందు ఏ వృత్తిలో ఉన్నారో తెలుసుకుంటే దీనికి సమాధానం దొరుకుతుంది.

1872లో అమెరికా ప్రజారోగ్య సంఘాన్ని స్థాపించడంలో ముందు నిలిచిన స్టీఫెన్ స్మిత్ శస్త్రవైద్యుడు. కాని అంతకు ముప్పై ఏళ్ళ ముందే, 1842లో, ఇంగ్లండులో శ్రామికుల వాడల మురుగును గురించి నివేదిక వ్రాసి పాలకులను కదిలించిన ఎడ్విన్ ఛాడ్విక్ న్యాయశాస్త్రం చదివినవాడు. మనదేశంలో భారత ప్రజారోగ్య సంఘం 1956లో కలకత్తాలోని అఖిల భారత ఆరోగ్య, ప్రజారోగ్య సంస్థలో పుట్టింది. వైద్యులతో పాటు పారిశుద్ధ్య ఇంజనీర్లకు కూడా శిక్షణ ఇచ్చిన సంస్థ అది. ఆ పొత్తు యాదృచ్ఛికమని నేననుకోను.

తెలుగువారిలో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారిని (1880–1962) ముందుగా స్మరించాలి. మద్రాసు వైద్య కళాశాలలో పాశ్చాత్య వైద్యం చదివి, ఆ తరువాత పండిత దీవి గోపాలాచార్యుల వద్ద ఆయుర్వేదం అభ్యసించారు. రెండు శాస్త్రాలూ తెలిసినవారు గనుక ఏది ఎంతవరకు పనిచేస్తుందో తూచి చెప్పగలిగారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలకు నాయకత్వం వహించి, ఆవడిలో ఆరోగ్యాశ్రమం నెలకొల్పారు. తరువాతి కాలంలో విశ్వవిఖ్యాతుడైన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళకముందు ఆ కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించారు. లక్ష్మీపతి గారి సతీమణి రుక్మిణీ లక్ష్మీపతి వైద్యురాలు కారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళిన దేశభక్తురాలు. 1946లో టంగుటూరి ప్రకాశం గారి మంత్రివర్గంలో ప్రజారోగ్య శాఖ ఆమెకు దక్కింది. భర్త ఔషధాన్ని, భార్య పరిపాలనను చేపట్టిన ఆ ఇల్లు నాకెప్పుడూ ఆశ్చర్యంగానే తోస్తుంది.

మన కాలంలో డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి గారున్నారు. ఉస్మానియా వైద్య కళాశాల విద్యార్థి, హృద్రోగ నిపుణులు, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆ విభాగానికి అధిపతిగా పనిచేశారు. కెనడాలో వ్యాధుల వ్యాప్తిని పరిశీలించే శాస్త్రం కూడా అభ్యసించారు. గుండెపోటు వచ్చినవారికి చికిత్స చేసిన వైద్యుడే, అది రాకుండా పొగాకును, ఉప్పును, కొవ్వును అదుపు చేయడమెలాగన్న ఆలోచనకు మళ్ళారు. 2006లో ఏర్పడిన భారత ప్రజారోగ్య ఫౌండేషన్‌కు ఆయన తొలి అధ్యక్షులు. ఆ ఫౌండేషన్ పాలక మండలికి మాత్రం మొదట యాజమాన్య సలహాదారు రజత్ గుప్తా, 2011 నుంచి కంప్యూటర్ రంగానికి చెందిన నారాయణమూర్తి నాయకత్వం వహించారు. వ్యాపారులకు ఇక్కడేం పని అని పెదవి విరిచినవారున్నారు. నిధులు లేకుండా పాఠశాలలు నడవవు. అయితే పైసల లెక్క తెలిసినవారు రోగ నిర్ణయం తమదేనని అనుకోనంతవరకే ఆ ఏర్పాటు క్షేమకరమని నా అభిప్రాయం.

వైద్యులు కానివారి పని ఎంత గొప్పదో నారికురుపు కథ చెబుతుంది. ఆయుర్వేదంలో స్నాయుక రోగమని పేర్కొన్నది దీనినే. దిగుడు బావులున్న మన రాష్ట్రంలోనూ ఇది ఎందరినో మంచాన పడవేసింది. కలుషితమైన నీటితో లోపలికి పోయిన పురుగు దాదాపు ఏడాదికి కాలి నుండి బయటపడుతుంది. మంట తగ్గుతుందని రోగి బావి మెట్ల మీద నీటిలో కాలు పెట్టగానే పిల్లపురుగులు మళ్ళీ నీటిలో చేరతాయి. దీనికి మందు లేదు, టీకా లేదు. నీటిని గుడ్డతో వడకట్టడం, దిగుడు బావులను మూయడం, చేతిపంపులు వేయడం, ఇవే చికిత్స. మనదేశంలో చివరి రోగి 1996లో కనబడ్డాడు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రమిచ్చింది. ఈ విజయంలో వైద్యునికి ఎంత భాగముందో, పంపు బిగించిన మేస్త్రీకీ, గుడ్డ మడిచి కడవకు కట్టిన ఇల్లాలికీ అంత భాగముంది.

మా ప్రాంతానికి కేసీ కాలువ నీరుంది, పోతిరెడ్డిపాడు తూములున్నాయి. నీరు వచ్చిన చోటికి పంటతో పాటు దోమ కూడా వస్తుంది. వర్షాకాలంలో నీరు బురదగా వచ్చినప్పుడు చిల్లగింజను కడవ లోపలి అంచున అరగదీసి, తేరిన నీటిని వాడుకునే పద్ధతి మన పెద్దలకు తెలిసినదే. చిల్లగింజ బురదను అడుగుకు దించుతుంది. సూక్ష్మక్రిములను చంపుతుందని మాత్రం నమ్మరాదు. తేరిన నీటిని వడకట్టి, తెర్లేవరకు కాచి చల్లార్చిన తరువాతనే త్రాగాలి. విరేచనాలు పట్టుకున్న పసిబిడ్డకు శొంఠినీళ్ళతో కాలయాపన చేయక, ఓ.ఆర్.ఎస్. ద్రావణం పడుతూ ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోవలసినదని నా వద్దకు వచ్చే తల్లులకు చెబుతూ ఉంటాను.

2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద గ్రామ కమిటీలలో సర్పంచు, ఏ.ఎన్.ఎం., ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు సభ్యులు. ఏటా 10,000 రూపాయల వరకు నిధి కూడా నిర్ణయించారు. వీరిలో సూది వేయగలిగేది ఒక్క ఏ.ఎన్.ఎం. మాత్రమే. నన్ను ప్రశ్నించినవారితో ఈ విషయమే చెప్పి, మంచినీటి ట్యాంకు కడిగే మనిషిని కూడా సమావేశానికి పిలవమని అడిగాను. ట్యాంకు ఎన్నాళ్ళకొకసారి కడుగుతున్నారో, గొట్టం ఏ మురుగు కాలువ పక్కన పగిలి ఉందో అతనికే తెలుసు. పిలుస్తామన్నారు.