చక్రముల బుట్ట

నాచారమున హెచ్.ఎం.టి. నగరులో నివసించు మా వదినెగారు మొన్నటి నెల మొదటి వారమున కిలో కందిపప్పును, చింతపండును దెచ్చుటకై ఉప్పలునందలి యొక పెద్ద సరకుల దుకాణమునకు బోయిరి. తిరిగి వచ్చునప్పటికి రెండు చేతులను రెండు సంచులు! కందిపప్పు వచ్చినది, చింతపండు మఱచిరి. మూడు బిస్కత్తుల పొట్లములు, ఒకటి కొనిన నొకటి యుచితమను రవ్వ, ఇంట మూత తీయని సీసా యుండగనే మఱియొక పచ్చడి సీసా వచ్చినవి. ఆ నెల చీటిపాట వాయిదాకు నాలుగు వందలు తక్కువయినవి. “నే నంత తెలివిమాలినదాననా?” యని యామె కంట తడి పెట్టిరి. కానే కారు. అది చెప్పుటకే యీ వ్యాసము.

సోదరీమణులారా, పూర్వము కిరాణా కొట్టులో బల్లకు ఆవల షావుకారు, ఈవల మనము. మనము పట్టీ చదివినది తూచి పొట్లము గట్టుట యాతని పని. పట్టీలో లేని వస్తువు కంటబడుటయే యరుదు. ఆ బల్లను తొలగించి, కొనువారే అరలనుండి తీసికొను దుకాణమును 1916 లో అమెరికాలోని మెంఫిస్ నగరమున క్లారెన్సు సాండర్సు తెఱచెను. అయినను చేతిబుట్ట మిగిలియుండెను. బుట్ట బరువెక్కగానే జనులు కొనుట మానుచున్నారని కనిపెట్టి, 1937 లో ఓక్లహోమా నగరమున సిల్వన్ గోల్డుమన్ అను వర్తకుడు దానికి చక్రములు తగిలించెను. అదియే నేటి ట్రాలీ. మొదట దాని నెవరును ముట్టలేదట. పసిబిడ్డల బండిని దోసి దోసి విసిగితిమి, మరల నిదియేల యనిరట స్త్రీలు. అప్పు డాతడు కొందఱికి కూలి యిచ్చి, దుకాణములో ట్రాలీలు దోయుచు దిరుగునట్లు చేసెను. తరువాతి కథ మన మెఱిగినదే.

చేయి నొచ్చుటయే మన పాలిటి కావలి యన్నమాట. కావున నెలసరి సరకులకు దప్ప ట్రాలీని ముట్టవలదు. సంచిని లోనికి రానీయని చోట దుకాణపు చేతిబుట్టనే తీసికొనుడు.

పట్టీని జ్ఞాపకముమీద వ్రాయరాదు. డబ్బాల మూతలు తీసి చూచి వ్రాయవలెను. దుకాణములో మనసైన క్రొత్త వస్తువును పట్టీ వెనుక వ్రాసికొని, మరుసటి వారమునకు వాయిదా వేయుడు. నేను వ్రాసికొన్న వానిలో సగము మరుసటి వారము నాకే నవ్వు పుట్టించినవి.

వెలలలో నొక చిక్కున్నది. 900 గ్రాముల పప్పు 162 రూపాయలు, కిలో పప్పు 175 రూపాయలు అనుకొనుడు. మొదటిది చౌకగా దోచును. కాని దాని ధర కిలోకు 180 పడినది. 2021 లో సవరించిన తూనిక కొలతల నియమముల ననుసరించి, కిలోకు లోపు పొట్లములపై గ్రామునకు వెల యెంతయో ముద్రింపవలెను. అక్షరములు చిన్నవే; కండ్లజోడు మఱవకుడు.

ఉచితపు రవ్వ మాటకు వత్తును. వానకాలమున దానికి పురుగు పట్టినది. సగము పారబోసిరి.

ఇక ఫోనులో కోరిన నిమిషములలో సరకు తెచ్చియిచ్చు దుకాణములలో మోయవలసిన బరువే లేదు. ముప్పది రూపాయల చేరవేత కూలి తప్పించుకొనుటకై నూట యిరువది రూపాయల వస్తువు నదనముగా గొందుము. అది యెట్టి పొదుపో నాకు బోధపడదు.

ఈ నెల మా వదినెగారు చేతిబుట్టతో గొని వచ్చిరి. చింతపండు వచ్చినది. ఒక చాకొలెటును వచ్చినది. అది మనుమరాలి కట. నే నేమియు ననలేదు.