ఊరు విడిచిన ఆటకాడు

బంతిని బుట్టలో వేయు ఆటనుగూర్చి నావంటి వృద్ధపండితుడు ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. ఆ ఆట నేనెరుగను. మనుమడు చెప్పగా వింటిని. ఊరికిని మనిషికిని గల ముడి మాత్రము కొంత యెరుగుదును.

అమెరికాలో ఓహాయో రాష్ట్రమున క్లీవ్‌లాండ్ అను నగరము కలదు. దాని చెంత ఆక్రన్ పట్టణమున పుట్టిన లెబ్రాన్ జేమ్స్ 2003లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఆ నగరపు జట్టున చేరెను. 1964 తరువాత ఆ నగరపు పెద్ద జట్లలో దేనికిని జయకిరీటము దక్కలేదు. తమ బిడ్డ ఆ కొరత తీర్చునని జనులు ఏడేండ్లు ఎదురుచూచిరి.

2010లో ఒప్పందపు గడువు తీరెను. తీరినవాడు నచ్చినచోటికి పోవుట అచటి నిబంధనలకు సమ్మతమే. కాని అతడు జూలై 8న టెలివిజనులో ప్రత్యేక కార్యక్రమము పెట్టించి, మయామీ జట్టునకు పోవుచున్నానని లోకమునకు చాటెను. ఊరివారును లోకముతోపాటే వినిరి. ఆ రాత్రియే అతని పేరుగల చొక్కాలను వీధులలో తగులబెట్టిరి. జట్టు యజమాని ద్రోహమని నిందించుచు బహిరంగలేఖ వ్రాసెను.

పోవుటకంటె పోయిన తీరే వారిని నొప్పించెనని నా తలంపు. మన పాలేరైనను గడపయొద్ద చెప్పి పోవును గదా! అయినను యజమాని మాట నాకు రుచింపదు. జట్టులు ఆటగానిని అడుగకయే మరియొక జట్టునకు ఇచ్చివేయుట అచట వాడుక; దానిని వారు వ్యాపారమందురు.

మయామీలో 2012, 2013 సంవత్సరములందు గెలిచి, 2014లో అతడు మరలివచ్చెను. ఈమారు కారణములను పత్రికలో వ్యాసముగా తెలిపెను. 2016లో క్లీవ్‌లాండ్ గెలిచెను. 2018లో అతడు లాస్ ఏంజిలీస్ జట్టునకు వెడలినపుడు మునుపటి మంట లేవలేదు.