ప్రొబేషన్ తేదీ వాళ్లది... వాయిదా తేదీ మనది!

కొలువు దొరికిన ఇంట్లో సంబరం సహజం. ఆ సంబరంలోనే కారు బుక్కవుతుంది, ఫ్లాటుకు అడ్వాన్సు వెళ్తుంది, పెళ్లి మాటలూ మొదలవుతాయి. చేతిలో ఉన్నది మాత్రం ఇంకా ప్రొబేషన్ ఉద్యోగమే. ఆ కాలంలో పెద్ద కొనుగోళ్లను ఎందుకు ఆపుకోవాలి? ఆగినన్నాళ్లూ ఏం చేయాలి?

2019 అక్టోబరు 2న అప్పటి తూర్పుగోదావరి జిల్లా కరపలో ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థ మొదలైంది. ఒకే విడతలో లక్ష మందికి పైగా యువతకు సర్కారు కొలువులొచ్చాయి. రెండేళ్లు ప్రొబేషన్, అంతవరకూ నెలకు 15,000 రూపాయలు. ఆ లెక్కన 2021 అక్టోబరుతో గడువు తీరి, పూర్తి జీతం చేతికి రావాలి. ఆ నెల వచ్చింది, వెళ్లిపోయింది. జూన్ నెలాఖరుకు ప్రొబేషన్ పూర్తయినట్టు డిక్లేర్ చేసి జులై నుంచి కొత్త జీతం ఇస్తామని 2022 జనవరిలో ప్రభుత్వం ప్రకటించింది. ఉద్యోగులు నిరసనలకు దిగారు. చివరికి పే స్కేలు అందింది 2022 జులై నుంచే. పంచాయతీ కార్యదర్శి గ్రేడ్-5కి మూలవేతనం 23,120 రూపాయలు, మరెన్నో హోదాలకు 22,460. అనుకున్న తేదీకీ అందిన తేదీకీ మధ్య తొమ్మిది నెలలు జారిపోయాయి.

తెలంగాణలో జూనియర్ పంచాయతీ కార్యదర్శులది ఇంకా పెద్ద నిరీక్షణ. 2018లో నోటిఫికేషన్ వచ్చింది, 2019 ఏప్రిల్‌లో చేరారు. నెలకు 15,000 రూపాయలతో మూడేళ్ల ప్రొబేషన్. 2021లో జీతాన్ని 28,719 రూపాయలకు పెంచారు గానీ, ప్రొబేషన్‌ను నాలుగేళ్లకు పొడిగించారు. ఆ నాలుగో ఏడూ నిండాక, 2023 ఏప్రిల్ నెలాఖరులో వాళ్లు సమ్మెకు దిగాల్సి వచ్చింది. క్రమబద్ధీకరణ ప్రక్రియ కదిలింది ఆ తర్వాతే.

సర్కారు కొలువులోనే తేదీ ఇలా జరిగితే, ఆ తేదీని నమ్ముకుని అప్పు చేసినవారి గతేమిటి? బ్యాంకు వాయిదా ఒక్క రోజు కూడా వెనక్కి జరగదు. ప్రతి నెలా అదే తారీఖున బ్యాంకు ఖాతాలోంచి డబ్బు తీసుకుంటుంది. ప్రొబేషన్ ముగిసే రోజును నిర్ణయించేది యజమాని, వాయిదాకు జవాబు చెప్పాల్సింది మనం. మన చేతిలో లేని తేదీని నమ్ముకుని మన మెడమీద ఉండే తేదీకి సంతకం పెట్టకూడదన్నది ఈ కథనం చెప్పదలచిన ఒకే మాట.

చట్టం ఎంతవరకు తోడుంటుంది?

ప్రొబేషన్‌లో ఉన్నవారికి ఆ పోస్టు మీద హక్కు లేదని సుప్రీంకోర్టు 1957లోనే పురుషోత్తంలాల్ ధింగ్రా కేసులో తేల్చింది. పని సంతృప్తికరంగా లేదని మామూలుగా తొలగిస్తే దాన్ని శిక్షగా చూడరు. దుష్ప్రవర్తన ఆరోపణే తొలగింపునకు పునాది అయినప్పుడు మాత్రం విచారణ జరపాల్సిందేనని 1974లో శంషేర్‌సింగ్ కేసు తీర్పు చెప్పింది. అది ప్రభుత్వోద్యోగికి దక్కిన విలువైన రక్షణే. కానీ కోర్టుకెళ్లి దాన్ని గెలుచుకునే లోపు ఎన్ని వాయిదాలు దాటిపోతాయో ఊహించుకోండి.

మన రాష్ట్రాల సర్వీసు నిబంధనల్లో మరో మెలిక ఉంది. 1996 నాటి నిబంధనల ప్రకారం నేరుగా నియమితులైనవారు వరుసగా మూడేళ్ల వ్యవధిలో మొత్తం రెండేళ్లు విధుల్లో గడపాలి. అంటే క్యాలెండర్‌లో రెండేళ్లు తిరిగితే సరిపోదు, విధుల్లో గడిపిన రోజులు లెక్కకు రావాలి. చాలా పోస్టులకు శాఖాపరమైన పరీక్షలు కూడా పాసవ్వాలి. దీర్ఘకాలిక సెలవు పెట్టాల్సి వచ్చినా, ఒక పేపరు మిగిలిపోయినా డిక్లరేషన్ వెనక్కి పోతుంది.

ప్రైవేటు కొలువుల్లో ప్రొబేషన్ చాలాచోట్ల మూడు నుంచి ఆరు నెలలే. కాలం తక్కువే గానీ, ఆ కాలంలో కంపెనీ ఇచ్చే నోటీసు గడువూ తక్కువే. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు క్యాంపస్ నుంచి 300 మందికి పైగా ట్రెయినీలను పంపించేశారు. అంతర్గత పరీక్షలో మూడు అవకాశాలిచ్చినా నెగ్గలేకపోయారని సంస్థ చెప్పింది. వాళ్లలో 2022లో డిగ్రీ పట్టాతో బయటికొచ్చి, చేతిలో ఆఫర్ లెటర్ ఉండి కూడా రెండేళ్లకు పైగా జాయినింగ్ కోసం ఎదురుచూసినవారున్నారు. అంత నిరీక్షణ తర్వాత చేరిన కొలువు నాలుగు నెలలకే చేజారింది. మైసూరు వెళ్లేముందే ఏ బైకుకో కారుకో అప్పు తీసుకున్న పిల్లలెవరైనా ఆ బృందంలో ఉంటే, ఇంటికి తిరిగొచ్చాక మొదటి చింత అదే అయ్యుంటుంది.

మొదటి ఆరు నెలల వాయిదాలు ఎటు పోతాయి?

ఇంటి లెక్కే చూద్దాం. హైదరాబాద్ శివారులోనో విజయవాడలోనో 40 లక్షల ఫ్లాటు అనుకుందాం. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహరుణానికి ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నియమం. అంటే అప్పు 32 లక్షలు, మన చేతి డబ్బు 8 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చులు రెండు రాష్ట్రాల్లోనూ ఇంచుమించు ఏడున్నర శాతం కాబట్టి మరో 3 లక్షలు. తాళం చెవి చేతికొచ్చే లోపే 11 లక్షలు బయటికి పోతాయి. చాలా ఇళ్లలో ఆ 11 లక్షలు అమ్మ నగల మీదా, చిట్టీ పాట మీదా, మేనమామ దగ్గర చేబదులు మీదా కూడుతాయి.

ఎనిమిదిన్నర శాతం వడ్డీతో 20 ఏళ్లకు 32 లక్షల అప్పు తీసుకుంటే నెలవారీ వాయిదా 27,770 రూపాయలు. ఆరు నెలలు క్రమం తప్పకుండా కడితే బ్యాంకుకు చేరేది 1,66,620 రూపాయలు. అందులో అసలు కింద తగ్గేది సుమారు 31 వేలు. మిగిలిన లక్షా 35 వేలు వడ్డీయే. దీర్ఘకాలిక రుణాల్లో తొలి ఏళ్ల వాయిదాల్లో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. సరిగ్గా ఉద్యోగం అస్థిరంగా ఉన్న నెలల్లోనే మన డబ్బు అప్పును అతి తక్కువగా తగ్గిస్తుందన్నమాట. ఆ దశలో కొలువు పోయి ఫ్లాటు అమ్మాల్సి వస్తే, రిజిస్ట్రేషన్ ఖర్చు వెనక్కి రాదు, కట్టిన వాయిదాల్లో సింహభాగమూ రాదు.

కారు సంగతి మరోలా ఉంటుంది. 8 లక్షల రుణం, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అయితే నెలకు 16,800 రూపాయలు. ఇల్లు కనీసం విలువ నిలుపుకుంటుంది, కారు రోడ్డెక్కిన క్షణం నుంచే విలువ కోల్పోతుంది. బీమా కోసం విలువ కట్టే పట్టికలోనే ఆరు నెలలు దాటితే 15 శాతం, ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్లు దాటితే 30 శాతం తరుగుదల చూపిస్తారు. ఆరేడు నెలలకే అమ్మాల్సి వస్తే చేతికొచ్చే మొత్తం అప్పు తీర్చడానికే చాలకపోవచ్చు.

వాయిదా తప్పితే ఏమవుతుంది? 90 రోజులు బకాయి పడితే ఖాతా మొండిబాకీ అవుతుంది. ఆపైన గృహరుణమైతే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకుంది. సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ‘ఉద్యోగం పోతే వాయిదాలు మేం కడతాం’ అనే పాలసీని నమ్ముకుని ధైర్యం తెచ్చుకునేవారూ ఉన్నారు. అలాంటి పాలసీల్లో ప్రొబేషన్ కాలంలో తొలగింపు సాధారణంగా మినహాయింపుల జాబితాలోనే ఉంటుంది. సంతకానికి ముందు ఆ పేజీ చదవాలి.

నాన్న సంతకం విలువెంత?

ప్రొబేషన్‌లో ఉన్నవారికి చాలా బ్యాంకులు పెద్ద రుణం ఇవ్వడానికి తటపటాయిస్తాయి. జీతం స్లిప్పులు, రెండేళ్ల ఫారం-16 అడుగుతాయి, కన్ఫర్మేషన్ లెటర్ ఉందా అంటాయి. అక్కడ ఆగి ఆలోచించాల్సింది పోయి, మనం దారి వెతుకుతాం. నాన్నను సహ రుణగ్రహీతగా చేరుస్తాం, బాబాయిని ష్యూరిటీ పెట్టమంటాం, ఊళ్లో ఇంటి కాగితాలు తాకట్టు పెడతాం.

1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేనంతవరకూ, హామీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. సహ రుణగ్రహీతకైతే చెప్పనక్కర్లేదు, అప్పు మొత్తం ఆయనదీ. రిటైర్మెంటుకు దగ్గరపడిన తండ్రి, ఇరవై ఏళ్ల అప్పుకు సంతకం పెట్టడమంటే తన మిగిలిన జీవితాన్ని పూచీగా పెట్టడమే. బ్యాంకు అనుభవంతో వేసిన అంచనాలో ఒక హెచ్చరిక ఉంది. దాన్ని తప్పించుకోవడానికి ఇంట్లోవాళ్ల భద్రతను పణంగా పెట్టడం న్యాయం కాదు.

అయితే ఈ ఒత్తిడి ఎప్పుడూ పిల్లల నుంచే మొదలవదు. ‘కొలువొచ్చిందిగా, ఇంకా అద్దె ఇల్లేనా?’ అని చుట్టాలడుగుతారు. ‘అబ్బాయికి సొంత ఫ్లాటుందా?’ అని పెళ్లి సంబంధం వాళ్లడుగుతారు. పిల్లల చదువు కోసం పొలం అమ్ముకున్న తల్లిదండ్రులకు, ఊళ్లో తలెత్తుకునే రోజు త్వరగా రావాలన్న ఆశ ఉంటుంది. ఆ ఆశను తక్కువ చేయక్కర్లేదు. ‘నాన్నా, కన్ఫర్మేషన్ లెటర్ వచ్చాక చూద్దాం’ అని మెత్తగా చెప్పగలిగితే చాలు. తల్లిదండ్రులూ ఆ మాటను భయంగా కాక బాధ్యతగా వినాలి.

ఏది కొనొచ్చు, ఏది ఆపొచ్చు?

ప్రొబేషన్ అంటే చేతులు కట్టుకు కూర్చోవడం కాదు. మండలంలో ఊరూరా తిరగాల్సిన ఉద్యోగికి బైకు అవసరం. ఇంటినుంచి పనిచేసేవారికి ల్యాప్‌టాప్ అవసరం. ఉద్యోగం చేయడానికే కావాల్సినదైతే, మూడు నాలుగు నెలల జీతంలోంచి పొదుపుతో తీర్చగలిగినదైతే, అవసరమైతే అమ్మి అప్పు తీర్చేయగలిగినదైతే కొనుక్కోవచ్చు. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా ఆగాలి.

‘నో కాస్ట్ ఈఎంఐ’ ఫోన్ల విషయంలోనూ జాగ్రత్త. సున్నా వడ్డీ అనేదేదీ ఉండదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. క్రెడిట్ కార్డులో కనీస మొత్తం మాత్రమే కట్టి నెట్టుకొస్తే నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ పడుతుంది. చిన్న వాయిదాలు నాలుగు కలిస్తే పెద్ద వాయిదా అంత బరువవుతాయి. రేపు గృహరుణం అడిగినప్పుడు బ్యాంకు వాటన్నిటినీ కూడి, మన జీతంలో మిగిలేదెంతో చూస్తుంది.

అమెరికాలోని మనవాళ్లకు ఈ జాగ్రత్త మరింత అవసరం. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారికి కొలువు పోతే కొత్తది వెతుక్కోవడానికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. కొత్త కంపెనీలో చేరిన తొలి నెలల్లోనే డాలస్‌లో ఇల్లు కొంటే, ఆ 60 రోజుల్లో ఉద్యోగం, వీసా, ఇంటి అప్పు మూడూ ఒక్కసారే ప్రశ్నలై నిలుస్తాయి.

వాయిదా మొదట మీకే కట్టుకోండి

ఆగడమంటే కలను వదులుకోవడం కాదు. ఆ నెలల్ని తయారీకి వాడుకోవాలి. రేపు కట్టాల్సిన వాయిదాను ఈ నెల నుంచే రికరింగ్ డిపాజిట్‌లో వేయడం మొదలుపెట్టండి. పైన చెప్పిన ఫ్లాటుకైతే నెలకు 27,770 రూపాయలు. ఏడాదికి 3,33,240 అవుతుంది, రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం అందులోంచే వెళ్లిపోతుంది. ఆ వాయిదా మీ జీతానికి భారమో కాదో కూడా ఆ ఏడాదిలోనే తేలుతుంది. మూడో నెలకే తడబడితే, ఫ్లాటు ధర తగ్గించుకోవాలన్న పాఠం పైసా నష్టం లేకుండా దొరికినట్టే. ప్రొబేషన్ అనుకోకుండా పొడిగిస్తే, ఆ డబ్బే ఇల్లు గడపడానికి ఆసరా.

కన్ఫర్మేషన్ లెటర్ వచ్చిన మర్నాడే పరుగెత్తక్కర్లేదు. కొత్త జీతం రెండు మూడు నెలలు ఖాతాలో పడనివ్వండి. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా ఉంచుకోండి. మొత్తం వాయిదాలు చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకుండా చూసుకోండి. ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణాన్ని ముందే తీర్చినా బ్యాంకులు జరిమానా వేయకూడదన్న నియమం ఉంది కాబట్టి, జీతం పెరిగినప్పుడల్లా అసలు తగ్గించుకుంటూ పోవచ్చు. ఏడాది ఆలస్యంగా మొదలైన అప్పును నాలుగేళ్లు ముందే ముగించడం సాధ్యమే.

భారమంతా ఉద్యోగి మీదే వేయడం మాత్రం సరికాదు. గడువు రాసి ఇచ్చిన ప్రభుత్వం ఆ తేదీకి ప్రొబేషన్ డిక్లేర్ చేయాలి, జాప్యం తనదైతే జీతం తేడాను వెనకటి తేదీ నుంచి చెల్లించాలి. కంపెనీలు ఏ కొలమానంతో ఖాయం చేస్తాయో చేరిన రోజే రాతపూర్వకంగా చెప్పాలి, లోపం కనబడితే ముందుగా హెచ్చరించి దిద్దుకునే వ్యవధి ఇవ్వాలి. పాతికేళ్ల పిల్లలు జీవితానికి ప్రణాళిక వేసుకోవడం ఆ తేదీల మీదే ఆధారపడి ఉంది. ఆ మాట నిలబెట్టుకోవాలని యజమానుల్ని అడుగుదాం. నిలబెట్టుకునేదాకా మన సంతకాన్ని మన దగ్గరే ఉంచుకుందాం.