పాత కారునకు మారు రేడియేటరు

వంటయింటి ముచ్చటల నడుమ కారు సంగతి యేల యని యడిగెదరేమో. పాతకారు గల యింటిలో దాని జ్వరమును మొట్టమొదట కనిపెట్టునది వెనుకసీటున బిడ్డల నొడిలో నుంచుకొని కూర్చుండు మనమే గదా! బండికి ఏమి కొనవలెనో నిర్ణయించునపుడు మాత్రము మనలనెవ్వరు నడుగరు. ఆ కొఱత వలన మేము రెండుమారులు రూకలు పోసికొంటిమి.

మా మామగారి నాటి అంబాసిడరు మాకు గలదు. ఆ జాతి కార్లు ఉత్తరపారలో 1957 మొదలు 2014 వఱకు తయారై నిలచిపోయినవి. గత వేసవిలో గద్వాలనుండి శ్రీశైలమునకు దానిలోనే బయలుదేరితిమి. బీచుపల్లికడ కృష్ణను దాటి, పెబ్బేరు, వనపర్తి, నాగర్‌కర్నూలు గడచునంతవఱకు బండి సుఖముగనే నడిచినది. అచ్చంపేట విడిచి మన్ననూరు కనుమ నెక్కుచుండగా వేడిని జూపు ముల్లు కడకు పోయెను. ముందుతలుపు సందులనుండి ఆవిరి చిమ్మెను. మా అబ్బాయి దిగి రేడియేటరు మూత మీద చేయి వేయబోవుచుండగా మేము కేకవేసి యాపితిమి.

ఈ యొక్క మాట తల్లులందఱు నెఱిగి యుండవలయును. రేడియేటరు మూత ప్రెషరుకుక్కరు బరువు వంటిది. చదరపుటంగుళమునకు 7 పౌనుల అదనపు ఒత్తిడిలో నున్న నీరు సుమారు 111 డిగ్రీల వఱకు మరుగదు. మూత తీసినతోడనే ఒత్తిడి పోయి, ఆ నీరంతయు నొక్కపెట్టున మరిగి ముఖముమీదికి లేచును. ఇంజను నార్పి, చేయి సోకగలిగినంత చల్లబడువఱకు దానిని ముట్టరాదు. మేము చెట్టునీడను గంటసేపు కూర్చుంటిమి.

బండిని త్రాడుకట్టి వెనుకకు లాగించి ఒక షెడ్డునకు చేర్చితిమి. "రేడియేటరు పోయినది, అల్యూమినియముది వేయుదము, చవుక" అని యచటివారనిరి. మా ఇంటివారు సరే యనిరి. పాతదానిని ఇనుపసామాను లెక్కన వారికే విడువబోగా, మా అత్తగారు "ఇత్తడి ఇత్తడియే" యని పట్టుపట్టి దానిని ఇంటికి తెప్పించిరి. క్రొత్తది కొలతకు చిన్నది. ప్రక్కల సందులుండి గాలి దాని గుండా పోక ప్రక్కనుండి తప్పించుకొనెను. రెండుమాసములు తిరుగకమునుపే ప్లాస్టికు తొట్టి అంచున చీలి నీరు కారెను.

అప్పుడుగాని మేము సంగతి విచారింపలేదు. పూర్వపు రేడియేటరులో రాగి రేకులు, ఇత్తడి గొట్టములు, ఇత్తడి తొట్టెలు. అన్నిటిని కలుపునది మాటు. బిందెకు చిల్లిపడిన మాటు వేయించినట్లే దీనికిని వేయించవచ్చును. క్రొత్త తరహాలో అల్యూమినియపు నడుముకు ప్లాస్టికు తొట్టెలను రబ్బరు పట్టీతో నొక్కి బిగింతురు. సత్తుగిన్నెకు తగరపు మాటు నిలువనట్లే దానికిని నిలువదు. గద్వాలచీరలో నూలు ఒడలికి పట్టు అంచును కలుపు జతనే మనము మొదట చూతుము గదా. రేడియేటరులోను చూడవలసినది ఆ కలిపిన చోటే.

వేడిని ప్రసరింపజేయుటలో రాగి అల్యూమినియమునకు ఒకటిన్నర రెట్లకు మించినది. ఐనను దానినిబట్టియే తీర్పు చెప్పరాదు. అల్యూమినియము గొట్టములు వెడల్పుగా నుండుటచేత మంచి తయారీ యైనది చక్కగనే చల్లార్చును, తేలిక కూడ. మొదటినుండి అల్యూమినియముతో వచ్చిన బండికి అదియే మేలు. మా వంటి పాతబండికి మాత్రము, దారిలో చెడిన ఏ పల్లెలోనైన మాటువేయువాడు దొరకు వస్తువే తగునని మా యభిప్రాయము. పై తొట్టి, క్రింది తొట్టి బాగుగా నున్నచో నడుము మాత్రము క్రొత్తది వేయించుకొనుట యింకను మంచిది.

అసలు రేడియేటరే చెడినదని ముందుగ తేల్చుకొనవలెను. వదులైన ఫ్యానుబెల్టు, పట్టువిడిచిన మూత, తెఱచుకొనని థర్మోస్టాటు, లోపల మెత్తబడి ముడుచుకొను రబ్బరుగొట్టము కూడ ఇట్టి జ్వరమునే తెచ్చును. ఇంజను నార్పి కొంత చల్లారినపిదప నడుముపై చేయి త్రిప్పి చూడుడు; నడుమ నడుమ చల్లని మచ్చలు తగిలిన ఆ గొట్టములు పూడినవన్నమాట. మాది అట్లే పూడియుండెను. మా బోరునీరు కాచిన గిన్నెలకు తెల్లని పెచ్చు కట్టును. అదే నీటిని ఏండ్లతరబడి దానిలో పోసితిమి!

కొనునపుడు పాతదానిని వెంట కొనిపోయి ఎత్తు, వెడల్పు, మందము, గొట్టపు మూతుల స్థానము, బోల్టు రంధ్రములు సరిచూడవలెను. గొట్టముల వరుసలు ఎక్కువైన మేలని దుకాణదారు చెప్పును. నడుము మరీ మందమైన ఫ్యానుకు తగులును, వెనుక వరుసలకు చేరు గాలియు ముందే వేడెక్కియుండును. రేకులు మిక్కిలి దగ్గఱగా నున్నచో మా నడిగడ్డ ప్రత్తిచేల దూది, దుమ్ము వానిలో చిక్కుకొనును. బిగించుటకు ముందు మూతులు మూసి, గాలి పట్టించి, సైకిలు ట్యూబువలె నీటితొట్టిలో ముంచి బుడగలు చూపుమనుడు. మూతమీద నుండు ఒత్తిడి అంకె పాతదానితో సరిపోవలెను. పాత నడుమునకు ఎక్కువ ఒత్తిడి మూత పెట్టిన అతుకులు విచ్చును.

లోపల పోయవలసినది బ్యాటరీలకు వాడు శుద్ధజలముతో కలిపిన కూలెంటు. అది తియ్యగా నుండు విషము. డబ్బాను పిల్లలకు, పశువులకు అందనీయరాదు; నేల నొలికిన వెంటనే కడుగవలెను.

అత్తగారు దాచిన యిత్తడి తొట్టెలకు వనపర్తిలో క్రొత్త రాగినడుము వేయించితిమి. మొన్న శివరాత్రికి అదే కనుమను ఎక్కితిమి. ముల్లు సగమును దాటలేదు. చీలిన అల్యూమినియము రేడియేటరు అటుకమీద నున్నది. పాతసామానులవాడు అడిగిన ధరకు మా అత్తగారు ఇంకను ఒప్పుకొనలేదు.